మాట చేరితేనే పని – బొగ్గుబాయి చెప్పే పాఠం

మానవుడు సంఘజీవి అని మనమంతా చిన్నప్పుడే చదువుకున్నాం. ఏ పనీ ఒక్కడి చేతిమీద నడవదు. నాటు వేయాలన్నా, ఇల్లు కట్టాలన్నా, ఫ్యాక్టరీ నడపాలన్నా పదిమంది కలవాలి. పదిమంది కలిసిన చోట ఒకరి మనసులోని సంగతి మరొకరికి చేరాలి. సరిగ్గా చేరితే పని సాగుతుంది. సగం చేరితే చెడుతుంది. అసలే చేరకపోతే ఒక్కొక్కసారి ప్రాణాలు పోతాయి.

ఇంత సులభమైన విషయానికి నేడు పెద్ద పేరొకటి వచ్చింది – కమ్యూనికేషన్ స్కిల్స్. ఏ ఉద్యోగ ప్రకటన చూసినా ఈ మాట లేకుండా ఉండదు. అది చదవగానే తెలుగు మీడియంలో చదువుకొని వచ్చిన నాలాంటి వాళ్ళలో సగంమందికి గుండె జారిపోతుంది. ఎందుకంటే ఆ మాటకు మనం ఒక్కటే అర్థం చెప్పుకుంటున్నాం. ఇంగ్లీషు గడగడా మాట్లాడాలి, నవ్వు ముఖం పెట్టాలి, చేతులు తిప్పాలి. అది రానివాడు పనికిరానివాడు అని మనకు మనమే తీర్పు చెప్పుకొని, వెనుక బెంచీలో మౌనంగా కూర్చుంటున్నాం.

ఆ అర్థం తప్పు అని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. దానికి నేను అమెరికా మేనేజిమెంటు పుస్తకాల దగ్గరికి పోవడం లేదు. మన బెల్లంపల్లి కాళ్ళ కిందనే ఒక పెద్ద పాఠశాల ఉంది. అది బొగ్గుబాయి.

బెల్లంపల్లి, బాయి, నేను

నేను వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా బాపు పత్తి, వరి పండిస్తాడు. మా ఇంట్లో బాయి పనికి పోయినవారు లేరు. కాని ఈ ప్రాంతంలో పుట్టినవాడికి బాయి సంగతి తెలియకుండా ఉండదు. మా ఊరి నుంచి బాయికి పోయి రిటైరైన పెద్దలు సాయంత్రం వేపచెట్టు కింద కూర్చుంటే వచ్చే మాటలన్నీ షిఫ్టుల గురించే, కప్పుల గురించే. డిగ్రీలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుతున్నాను కాబట్టి ఆ మాటలను మరికొంచెం శ్రద్ధగా వినడం అలవాటైంది.

గోదావరి లోయలో బొగ్గు జాడను 1871 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడింది. ఆ దశకంలోనే తవ్వకం మన బెల్లంపల్లి ప్రాంతానికి వచ్చింది. బాయి వెంట రైలు, బజారు, బడి, సినిమా హాలు వచ్చాయి. ఊరు పట్నమైంది. ఇప్పుడు ఇక్కడి పాత బాయిలు చాలా వరకు మూతపడ్డాయి. కాని అవి నేర్పిన పని పద్ధతి మూతపడవలసిన అవసరం లేదు.

చీకట్లో మాట

భూమి లోపలి బాయిలో పని అంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. టోపీ మీది దీపం తప్ప వెలుతురు లేదు. ఒకచోట డ్రిల్లు మోత, మరొకచోట హాలేజి రోప్ చప్పుడు. ఎదుటివాడి ముఖం సరిగ్గా కనిపించదు, మాట సరిగ్గా వినిపించదు. తెలుగువాడి పక్కన ఉర్దూ మాట్లాడేవాడు, అతని పక్కన ఉత్తరాది నుంచి వచ్చి హిందీ మాట్లాడేవాడు. ఇలాంటి చోట మాట చేరవేయడం ఎట్లా?

దీనికి బాయి కనిపెట్టిన మొదటి ఉపాయం – గుర్తులు. రోప్ హాలేజి నడిచే దారి వెంట రెండు తీగలు ఉంటాయి. వాటిని ఒకదానికొకటి తాకిస్తే ఇంజను దగ్గర గంట మోగుతుంది. టబ్బులు కదులుతున్నప్పుడు ఒక్క గంట మోగిందంటే ఆపమని అర్థం. మిగతా సంగతులకు ఎక్కువ గంటలు. ఇందులో ఎంత తెలివి ఉందో చూడండి. అన్నిటికంటే తొందరైన మాటకు అన్నిటికంటే చిన్న గుర్తు పెట్టారు. ప్రమాదంలో ఉన్న మనిషి అయిదు గంటలు లెక్కపెట్టి కొట్టలేడు. ఒక్కటి కొట్టగలడు.

రెండవది, ఈ గుర్తులు ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు పెట్టుకునేవి కావు. ఏ గంటకు ఏ అర్థమో బోర్డు మీద రాసి, గంట కొట్టేచోట, ఇంజను నడిపేచోట కనబడేటట్లు తగిలించాలి. చెప్పేవాడికీ వినేవాడికీ ఒకే నిఘంటువు ఉండాలన్నమాట.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది – మారు పలుకు. మనుషులను దింపే షాఫ్టులో కింది నుంచి గుర్తు ఇస్తే, అది అందిందని పైనుంచి తిరిగి గుర్తు రావాలి. ఆ మారు పలుకు రాకముందు మనిషి అడుగు వేయకూడదు. నేను చెప్పాను అన్నది కాదు లెక్క. నీకు చేరింది అని నువ్వు తిరిగి చెప్పడమే లెక్క.

మనం ఇప్పుడు వాట్సాప్‌లో సందేశం పంపి, రెండు నీలం గీతలు కనబడగానే పని అయిపోయిందనుకుంటాం. నీలం గీతలు చూశాడని చెబుతాయి గాని అర్థమైందని చెప్పవు. "రేపు పొద్దున ఎనిమిదింటికి ల్యాబు దగ్గర, రికార్డు పుస్తకంతో గదా?" అని అవతలివాడు తిరిగి రాస్తేనే మాట చేరినట్లు.

అంకె చెప్పు, యూనిట్ చెప్పు

మీథేన్ అనే వాయువు గురించి మనం రసాయన శాస్త్రంలో చదువుకున్నాం. బాయిలో అది బొగ్గు పొరల్లోంచి ఊరుతుంది. గాలిలో సుమారు 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కనుక అంతదాకా రానివ్వకుండా 1.25 శాతానికి చేరగానే అక్కడి మనుషులను వెనక్కి పంపాలని నిబంధన పెట్టారు.

ఇప్పుడు ఒక సర్దార్ వచ్చి "సార్, గ్యాసు కొద్దిగ ఉన్నట్టున్నది" అన్నాడనుకోండి. ఆ 'కొద్దిగ' అంటే ఎంత? ధైర్యస్థుడికి అది ఏమీ కాదు. భయస్థుడికి అదే కొండంత. అదే "నాలుగో లెవల్ మొగదల 0.8 ఉన్నది, పొద్దుగాల 0.4 ఉండె" అంటే ఇక వాదన లేదు. ఎక్కడ, ఎంత, ఎప్పటి నుంచి పెరుగుతున్నది – మూడూ చిన్న వాక్యంలో చేరిపోయాయి.

ఈ సంగతి బాయికే పరిమితం కాదు. కిందటి సంవత్సరం మా బాపు పత్తి అమ్మడానికి ఒక కొనుగోలు కేంద్రానికి పోయాడు. దాని పేరెందుకు గాని, "తేమ ఎక్కువున్నది, ఆరబెట్టుకొని రా పటేలా" అని పంపించారు. ఇంటికి తెచ్చి రెండు రోజులు ఆరబోశాడు. మళ్ళీ బండి కిరాయి పెట్టుకొని పోతే "ఇంకా ఉన్నది" అన్నారు. మూడవసారి నేను వెంట పోయి మీటరులో ఎంత చూపిస్తున్నదో చెప్పమని అడిగాను. అప్పుడు అంకె చెప్పారు. మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతం లోపల ఉంటే పూర్తి ధర, 8 నుంచి 12 వరకు కోత, 12 దాటితే కొనరు అనే లెక్క ఒకటి ఉంది. మొదటి రోజే "14 ఉన్నది, 12కు దిగాలె" అని ఉంటే బాపు దానికి తగ్గట్టు ఆరబెట్టుకునేవాడు. రెండుసార్లు బండి కిరాయి మిగిలేది. అక్కడి మనిషి చెడ్డవాడు కాదు, అబద్ధమూ చెప్పలేదు. చెప్పవలసిన ఒక్క అంకె చెప్పలేదు, అంతే.

అంకె చెబితే చాలదు, యూనిట్ కూడా చెప్పాలి. అంగారకుడి మీదికి అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరులో నాశనమైంది. ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను మరో బృందం న్యూటన్ల లెక్క అనుకొని వాడుకున్నది. ఇద్దరూ చదువుకున్నవారే, ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు! ప్రాక్టికల్ పరీక్షలో యూనిట్ రాయనందుకు మార్కు కోస్తే మనం నొచ్చుకుంటాం. కోయడం న్యాయమే.

షిఫ్టు మారే వేళ

బాయిలో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసిన సమయం షిఫ్టు మారే సమయం. ఎనిమిది గంటలపాటు లోపల తిరిగిన మనిషికి ఆ చోటు గురించి బోలెడంత తెలుసు. ఏ మూల కప్పు నుంచి పెళ్ళలు రాలుతున్నాయో, ఏ దిమ్మె కదిలిందో, నీరు ఎక్కడ ఊరుతున్నదో అతని తలలో ఉంది. అతడు అలసిపోయాడు, ఇంటి ధ్యాసలో ఉన్నాడు. కొత్తగా దిగేవాడికి ఏమీ తెలియదు. ఒకరి తలలోని సంగతి మరొకరి తలలోకి పోవడానికి ఉన్నది కొద్ది నిమిషాలే.

అందుకే బాయి జ్ఞాపకాన్ని నమ్మదు, కాగితాన్ని నమ్ముతుంది. సర్దార్, ఓవర్‌మన్ తాము చూసింది షిఫ్టు చివర పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం విడి కాగితాల కట్ట కాకూడదు. పేజీల అంకెలు వేసి కుట్టిన పుస్తకం కావాలి. మధ్యలో ఒక కాగితం చింపితే తెలిసిపోతుంది. కొత్త షిఫ్టు మనుషులు లోపలికి పోయేముందు సర్దార్ ముందుగా తిరిగి చూసి, కప్పును కర్రతో తట్టి విని రావాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది, పట్టు వదిలిన కప్పు డొల్లగా పలుకుతుంది. అది బాగుందని తేలేవరకు ఎవరూ ముందుకు పోరాదు. కప్పు చెప్పే మాటను కూడా విని రాయడం అతని ఉద్యోగం.

ఇంత చాదస్తం ఎందుకు అనేవారికి ఒక ఉదాహరణ. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక తగలబడి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టులో ఒక పంపుకు సంబంధించిన భద్రతా వాల్వును మరమ్మతు కోసం విప్పారు. ఆ సంగతి ఒక కాగితం మీద ఉంది. పంపు మరమ్మతు సంగతి వేరే కాగితం మీద ఉంది. రాత్రి షిఫ్టులో రెండవ పంపు ఆగిపోయింది. పని ఆగకూడదని మొదటి పంపును నడిపించారు. వాల్వు లేదన్న సంగతి వారికి చేరలేదు. లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 1990లో నివేదిక ఇచ్చాడు. షిఫ్టు మారినప్పుడు సమాచారం చేరవేయడంలోని లోపాన్ని అందులో గట్టిగా ఎత్తిచూపాడు. కాగితం ఉన్నది. దాన్ని చదవవలసిన కళ్ళ ముందుకు మాత్రం అది రాలేదు.

చనిపోయినవారు రాసిన ఉత్తరం

గనిలో మరొక రకం మాట ఉంది. అది పటం. ఎక్కడ తవ్వారో, ఎక్కడ వదిలేశారో చూపే మ్యాపు. వదిలేసిన పాత బాయిల్లో నీరు నిండుతుంది. పక్కన కొత్తగా తవ్వేవాడికి ఆ నీరు కనబడదు. మధ్యనున్న బొగ్గుగోడ పల్చబడి పగిలితే పరుగెత్తడానికి కూడా సమయం ఉండదు.

1975 డిసెంబరు 27న చస్‌నాలాలో ఇట్లాగే నీరు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. 2001 ఫిబ్రవరిలో బాగ్‌డిగీలో 29 మంది పోయారు. మనకు దగ్గరగా గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో 2003 జూన్ 16న 17 మంది జలసమాధి అయ్యారు. ఆ పేరు వింటే ఇప్పటికీ ఈ కోల్‌బెల్టులో పెద్దలు మాట ఆపేస్తారు. పాత పనులకు 60 మీటర్ల దూరంలోకి వస్తే అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదని నిబంధన ఉన్నది. కాని ఆ పాత పనులు ఎక్కడున్నాయో పటం సరిగ్గా చెబితేనే ఆ 60 మీటర్లను కొలవగలం.

ఇంగ్లండులోని లాఫ్ట్‌హౌస్ గనిలో 1973 మార్చి 21న ఏడుగురు చనిపోయారు. పందొమ్మిదో శతాబ్దం నాటి బాయిలోని నీరు వారిమీదికి వచ్చింది. ఆ పాత పనుల వివరం భూగర్భ సర్వే వారి పాత నోటు పుస్తకాల్లో ఉన్నదని తర్వాత తేలింది. ఎప్పుడో ఎవరో శ్రద్ధగా రాసిపెట్టారు. అవసరం వచ్చిన రోజున ఎవరూ తెరిచి చూడలేదు.

రాసేవాడు తన పక్కవాడికే కాదు, ఎన్నడూ చూడనివాడికి కూడా రాస్తున్నాడు. యాభై ఏండ్ల తర్వాత ఒకడు ఈ కాగితం పట్టుకొని ప్రాణం పణంగా పెడతాడు అనుకొని రాయాలి. ఆఫీసు ఫైలుకైనా, ల్యాబు రికార్డుకైనా, భూమి పాసుపుస్తకానికైనా ఇదే సూత్రం.

పైకి పోవలసిన మాట

ఉత్తర్వు కిందికి రావడం సులభం. మేనేజరు అండర్ మేనేజరుకు, అతడు ఓవర్‌మన్‌కు, అతడు సర్దార్‌కు, సర్దార్ కార్మికుడికి చెబుతాడు. నీళ్ళు పల్లానికి పారినట్లు మాట కిందికి పారుతుంది. కష్టమల్లా కింది మాట పైకి ఎక్కించడమే. ప్రమాదం మొదట కనబడేది కిందివాడికి. నిర్ణయం తీసుకునే అధికారం ఉండేది పైవాడికి.

మన దగ్గర ఇది మరింత కష్టం. దొర ముందు, పటేల్ ముందు తల వంచి నిలబడిన తరాల నుంచి వచ్చినవాళ్ళం. పెద్దవాడికి చేదు సంగతి చెప్పడం మర్యాద కాదనే భావం రక్తంలో ఉంది. "సార్, అది సరిగ్గ లేదు" అనడానికి బదులు "చూద్దాం సార్" అంటాం. ఈ 'చూద్దాం' ఎన్ని పనులు చెడగొట్టిందో!

దీన్ని ఒక్క మనిషి ధైర్యానికి వదిలేస్తే కాదని గ్రహించే 1955 నాటి గనుల నియమాల్లో తర్వాత కొన్ని ఏర్పాట్లు చేర్చారు. 500 మందికి తగ్గని గనిలో కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు, వందమందికి పైగా ఉన్న గనిలో సేఫ్టీ కమిటీ ఉండాలన్నారు. అంటే కింది మాట పైకి పోవడానికి ఒక మెట్లదారి కట్టారు. ఏ సంస్థ అయినా మంచిదా కాదా అని చూడాలంటే అక్కడి మేనేజరు ఎంత చక్కగా మాట్లాడతాడని చూడకండి. అక్కడి చిన్న ఉద్యోగి చెడ్డవార్త చెబితే ఏమవుతుందో చూడండి.

మన భాష సంగతి

ఇక ఇంగ్లీషు. ఇంగ్లీషు అక్కరలేదని నేను చెప్పడం లేదు. పై చదువుకు కావాలి, నేర్చుకోవాలి. కాని బాయిలో ఇంగ్లీషు మాటలు ఏమయ్యాయో గమనించండి. లెవల్, డిప్, పిల్లర్, హాలేజి, మస్టర్ – ఇవన్నీ ఇంగ్లీషు బడి ముఖం చూడని మనిషి నోట్లో తెలుగు మాటలైపోయాయి. "మూడో డిప్‌ల కప్పు మంచిగ లేదన్నా, దిమ్మె వేసినంక పోదాం" అనే వాక్యంలో వ్యాకరణం ఎవరూ వెతకరు. అది విన్నవాడు బతికి బయటికి వస్తాడు. అంతకు మించిన కమ్యూనికేషన్ ఏముంటుంది?

మన యాసను చూసి నవ్వేవారు పట్నంలో ఇంకా ఉన్నారు. నవ్వనివ్వండి. వినేవాడికి అర్థమయ్యే భాషే సరియైన భాష. మన యాస అర్థం కానివాడి దగ్గర మాట మార్చి చెప్పడం కూడా ఆ నేర్పులో భాగమే. యాస ఉన్నందుకు సిగ్గుపడి నోరు మూసుకోవడం మాత్రం నేర్పు కాదు.

విద్యార్థులు పాటించదగినవి

1. చెప్పవలసిన ముఖ్య సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి. దరఖాస్తులో "తమకు విన్నవించునది ఏమనగా" తర్వాత అరపేజీ పొగడ్త అక్కరలేదు. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఎందుకు కావాలి – ఇవి చాలు.

2. 'కొద్దిగా', 'తొందరగా', 'చాలా' అనే మాటలకు బదులు అంకె, యూనిట్, తేదీ వాడాలి.

3. పని చెప్పించుకున్నవాడు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పినవాడు దానికి నొచ్చుకోకూడదు.

4. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పని మారేటప్పుడు రాసి ఇవ్వాలి. పూర్తయినవాటి కంటే పూర్తి కానివి ముందు రాయాలి.

5. చెడ్డవార్తను ముందుగా, నేరుగా, మర్యాదగా చెప్పాలి. అర్థం కాకపోతే అడగాలి. అడిగినవాడిని చూసి నవ్వకూడదు.

6. వినడం నేర్చుకోవాలి. కప్పును తట్టి చెవి ఒగ్గే సర్దార్‌లాగా, ఎదుటివాడి మాటలో ఎక్కడ డొల్ల పలుకుతున్నదో గ్రహించాలి.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మన ప్రాంతంలో బాయి ఉద్యోగాలు తగ్గిపోతున్నాయి. వ్యవసాయం ఒక్కటే ఇంటిల్లిపాదికీ సరిపోవడం లేదు. మనలో చాలామంది రేపు హైదరాబాదుకో ఇంకా దూరానికో పోయి తెలియని మనుషుల మధ్య పనిచేయవలసిందే. అక్కడికి మనం ఒట్టి చేతులతో పోవడం లేదు. మన తాతలు, తండ్రులు భూమి లోపల చీకట్లో ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుంటూ నేర్చిన క్రమశిక్షణ మన వారసత్వం. స్పష్టంగా చెప్పు, తిరిగి చెప్పించుకో, రాసిపెట్టు, రాసింది చదువు, భయపడకుండా పైకి చెప్పు.

ఇంటర్వ్యూ గదిలో ఇంగ్లీషు కొంచెం తడబడితే తడబడనివ్వండి. అడిగినదానికి నిజం, నేరుగా, కొలతతో చెప్పగలిగినవాడిని తెలివైన యజమాని వదులుకోడు. వెనుక బెంచీల్లోని మౌనం ఈ సంవత్సరంతోనైనా ముగియాలని, మన కాలేజీ నుంచి పోయే ప్రతి విద్యార్థి మాట చేరవలసిన చోటికి చేరాలని కోరుకుంటున్నాను.